ఇలిశ వీరుడికి మావయ్య కట్టిన బాణీ

మొన్న ఆదివారం మా అన్నయ్య కూతురు సాల్ట్‌లేక్ నుంచి గార్డెన్ రీచ్‌లోని మా ఇంటికి వచ్చి, చేపల పులుసుతో మారు అన్నం పెట్టించుకుని మరీ తిని, తిన్న చెయ్యి ఇంకా తడారకముందే ఫోను నా ముందు పెట్టి, ఇందులో ఏ మ్యూజిక్ బాగుందో చెప్పమంది. వాళ్ల ఐటీ ఆఫీసు వార్షికోత్సవానికి పిల్లలంతా కలిసి ఒక చిన్న సూపర్‌హీరో సినిమా తీస్తున్నారట, అందులో వీరుడు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన లిఫ్టుని భుజం మీద ఎత్తి పైకి చేరుస్తాడట, అలా ఎత్తేటప్పుడు వెనకాల మోగడానికి ఒక బాణీ కావాలట. ఫలానా రకంగా ఉండాలని ఫోనులో ఒక ముక్క రాస్తే చాలు, నేను తమలపాకుకి సున్నం రాసేంతలో నాలుగు బాణీలు వచ్చి పడ్డాయి, నాలుగింట్లోనూ పెద్ద పటాలమంత వాయిద్యగాళ్లు కూర్చుని వాయించినట్టే ఉంది, చూడబోతే ఒక్కడూ లేడు. కలకత్తాలో తీసిన మొట్టమొదటి సూపర్‌హీరో సినిమాకి సంగీత దర్శకుణ్ణి ఎంపిక చేసినవాణ్ణి నేనేనని మా ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకీ ఉగ్గుపాలతో చెప్పి ఉన్నాను గనకా, నేను చెప్పేవాటిలో ఏది నిజమో తేల్చుకునే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు గనకా, ఆ పిల్ల నమ్మి అడగలేదు, పెద్దవాడు సంతోషిస్తాడని అడిగింది. రెండోది బాగుందన్నాను. నిజానికి నాలుగూ బాగానే ఉన్నాయి, అదే నన్ను కూలదోసింది. అది సంచీ తగిలించుకుని బస్సెక్కి వెళ్లిపోయాక వరండాలో కూర్చుని, ఒక్క బాణీ కోసం మేము పడిన పాట్లు తలుచుకుంటే నవ్వూ వచ్చింది, ఆ తర్వాత నవ్వు ఎటు పోయిందో తెలియలేదు.

మన ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఇంటికొక టీవీ వచ్చిన కొత్తల్లో, ప్రతి పిల్లవాడూ స్నానం తువ్వాలు మెడకి కట్టుకుని మంచం మీద నుంచి దూకిన రోజులు. నేనప్పుడు పక్కనే మెటియాబ్రుజ్‌లో బట్టలు కుట్టే ఒక కార్ఖానాలో పని చేసేవాణ్ణి. కార్ఖానా పెట్టుకున్న దర్జీ యజమానిని అక్కడ ఓస్తాగర్ అంటారు, మా ఓస్తాగర్ పిల్లల బట్టలు కుట్టించడంలో చెయ్యి తిరిగినవాడు, బొత్తాలూ జిప్పులూ లేసులూ సమయానికి అందేలా చూడడం నా ఉద్యోగం. ఎక్కడి నుంచో వచ్చిన ఒక వ్యాపారి, పిల్లలకి ఎర్ర సాటిను వీపుగుడ్డలు కావాలి, ఎన్ని కుడితే అన్నీ తీసుకుంటానని చెప్పి, తీరా కుట్టేసరికి ఆ మోజు తగ్గిపోయిందని మొహం చాటేశాడు. మిగిలిన సాటిను ఎంత ఉందంటే, కార్ఖానా మేడ మీద ఆరేస్తే, రేవులోకి వచ్చే ఓడలు దాన్ని ప్రమాద సూచన అనుకుని నది మధ్యలోనే లంగరు వేసేశాయి. మీరు నమ్మకపోతే మానేయండి, లంగరు వేసిన ఓడలో వంటవాడు మా వాడే.

ఇంకొకడైతే ఆ గుడ్డ విప్పి గలీబులు కుట్టించేవాడు. మా ఓస్తాగర్ అలా కాదు, ఒక పూటంతా టీ మీద టీ తాగి, బట్ట అమ్ముడుపోవాలంటే వీరుడు ఉండాలి, పరాయి దేశపు వీరుడు పాతబడ్డాడు, కాబట్టి మన వీరుణ్ణి మనమే తయారు చేసుకుందాం అని తేల్చాడు. అలా ముందు దుస్తులు పుట్టి, ఆ తర్వాత వాటిలో దూర్చడానికి వీరుడు పుట్టిన సినిమా బహుశా లోకంలో అదొక్కటే. వీరుడి రొమ్ము మీద ఏ గుర్తు కుట్టాలన్న దానికి కార్ఖానాలో రెండు వర్గాలయ్యాయి, పులి అన్నవాళ్లు ఓడిపోయి చేప అన్నవాళ్లు గెలిచారు, చేప అంటే మళ్లీ మామూలు చేప కాదు, ఇలిశ, మన గోదావరి వాళ్లు పులస అంటారే అదే. కథ కూడా దాన్ని బట్టే అల్లుకుంది. రేవులో బస్తాలు మోసే ఒక కూలీ కాలు జారి హుగ్లీ నదిలో పడతాడు, ఇలిశల గుంపు అతన్ని ఎదురీతలో ఎత్తుకుపోయి శక్తులు ఇస్తుంది, తిరిగొచ్చి గోడౌన్లు దోచేవాళ్ల పని పడతాడు. చేప శక్తులు వచ్చినవాడు గాలిలో ఎందుకు ఎగురుతాడని నేను ఒకే ఒక్కసారి అడిగాను, వీపున గుడ్డ ఉంది కదా అన్నాడు ఓస్తాగర్. వీరుడి వేషం కత్తెర మేస్త్రీకి ఇచ్చారు, కొలతలకి సరిపోయినవాడు అతనొక్కడే.

ఇక సంగీతం. ఓస్తాగర్‌కి సంగీతం గురించి ఏమీ తెలియదు గానీ ఏం కావాలో మాత్రం అద్దంలా తెలుసు. ఆ బాణీ వినపడగానే అన్నం తింటున్న పిల్లవాడు కంచం వదిలేసి మెడకి ఏదో ఒకటి కట్టుకుని ఎత్తు మీద నుంచి దూకాలి, దూకకపోతే అది బాణీ కాదు. ఇంత తేటగా చెప్పిన నిర్మాత గురించి ఆ తర్వాత నేను ఏ పత్రికలోనూ చదవలేదు. ఆ పరీక్షకి నేను వెతికి తెచ్చిన వాళ్లు ముగ్గురు. ఒక మధ్యాహ్నం మిషన్లన్నీ ఆపించి, గుడ్డలు కోసే పెద్ద బల్ల చుట్టూ అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేతా వాయింపించాం.

మొదట బెహాలా నుంచి ఒక హార్మోనియం మాస్టారు వచ్చారు, తెల్లటి ధోవతి, కళ్లు మూసుకుని వాయించారు, ఎంత బాగుందంటే వాయించినంతసేపూ ఎవరూ కదలలేదు. కానీ అది వింటే వీరుడు ఎగరడం మానేసి కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తాడనిపించింది. ఆయనకి టీ ఇచ్చి దణ్ణం పెట్టి పంపించాం. రెండోవాడు టాలీగంజ్ వైపు నుంచి కీబోర్డు పట్టుకొచ్చిన ఒక దాదా, బెంగాలీలో దాదా అంటే అన్నయ్యే, ఆయన పెట్టెలో రైలు కూతా, సముద్రం హోరూ, గాజు పగిలిన చప్పుడూ, అన్నీ ఉన్నాయి, అన్నీ వినిపించాడు, ఏది బాణీయో ఏది చప్పుడో మాకు తెలియలేదు. మూడోవాడు మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ మేస్త్రీ.

బ్యాండు అంటే అప్పట్లో మా పేటకి ఒక గౌరవం. శ్రీకాకుళం పక్కల నుంచి వచ్చి స్థిరపడిన మా వాళ్లు పగలు కార్పొరేషన్లో వీధులు ఊడ్చినా, రేవులో బరువులు మోసినా, పెళ్లిళ్ల కాలం వచ్చేసరికి జరీ పట్టీల ఎర్రకోట్లు తొడుక్కుని వరుసలో నిలబడితే సాక్షాత్తూ దొరల్లా ఉండేవారు. మావయ్య వాళ్లకి పెద్ద. ఆయన ఊదుతుంటే రేవులో ఓడలు బదులు కూసేవని నేను చిన్నప్పటి నుంచీ చెబుతూ వచ్చాను, ఒక ఓడ ఆయన కూతని బయల్దేరమన్న సంకేతం అనుకుని సరుకు దింపకుండానే వెళ్లిపోయిందన్నది మాత్రం తర్వాత నేను చేర్చిన ముక్క. సినిమాకి బాణీ కట్టమని వెళ్లి అడిగితే ఆయన కోటు బొత్తాలకి బ్రాసో రుద్దుతూ నవ్వాడు.

“ఏట్రా అల్లుడూ, ఆల సినిమాకి మనవేటి పనికొస్తాం? మనం ఊదీవన్నీ ఇంకొకల పాటలే కదేటి.”

అన్నాడు గానీ ఆ చెయ్యి రుద్దడం ఆగిపోయింది. బ్యాండు వాళ్లకి సొంత పాట ఉండదు. ఏ సినిమా పాట ఊరంతా పాడుతుందో అదే ఊదాలి, వచ్చే ఏడాదికి అది మరిచిపోయి ఇంకొకటి నేర్చుకోవాలి, అలా ఆయన వేలికొసల మీద నుంచి ఎన్ని వందల పాటలు వచ్చి పోయాయో, ఒక్కటీ ఆయనది కాదు. మర్నాటి నుంచీ మావయ్య తెల్లవారగానే క్లారినెట్ తీసుకుని రేవు గోడ వెంట నడుస్తూ బాణీ కట్టడం మొదలుపెట్టాడు. కుళాయి దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు నవ్వితే మా అత్త వాళ్లతో అంది.

“నవ్వండి నవ్వండి. ఈయన పాటకి ఆ గోడ మీద కాకులు కూడా నెగిసిపోనేదు, మరి బాగున్నట్టే కదా.”

కార్ఖానాలో పరీక్ష రోజున మావయ్య తన బ్యాండులో మరో ముగ్గురిని తోడు తెచ్చుకున్నాడు, పెద్ద డ్రమ్మూ, సైడు డ్రమ్మూ, ఇత్తడి పెద్ద బాకా. బల్ల చుట్టూ నడుస్తూ వాయించారు. ఆ బాణీ కింద నుంచి మొదలై, రెండు మెట్లు ఎక్కి ఒక మెట్టు దిగి, మళ్లీ మూడు ఎక్కి, ఇక ఎక్కలేదు అనుకున్న చోట ఒక్క ఊపిరితో పైకి లేచిపోయేది. మిషన్ల ముందు కూర్చున్న దర్జీల కాళ్లు వాళ్లకి తెలియకుండానే తొక్కడం మొదలుపెట్టాయి, ఆ మధ్యాహ్నం కుట్టిన చొక్కాల్లో కాలరు ఉండాల్సిన చోట జేబులు ఉన్నాయని ఆ తర్వాత ఫిర్యాదులు వచ్చాయి. ఓస్తాగర్ లేచి నిలబడ్డాడు. ఇదే, ఇదే, మా చిన్నవాణ్ణి ఇప్పుడు మేడ మీద ఉంచకండి, దూకేస్తాడు, అన్నాడు. కీబోర్డు దాదా కూడా చప్పట్లు కొట్టి, తన పెట్టెకి ముసుగు వేసుకున్నాడు. ఆ సాయంకాలం మా పేటలో మావయ్యని చూసి అందరూ లేచి నిలబడుతుంటే, ఆయన నన్ను పక్కకి లాగి చెప్పిన మాట నాకు నిన్న విన్నట్టుంది.

“డబ్బు మాట ఒగ్గేయ్ రా. నా పాట ఒక్కటి ఆ టేపులో ఉండిపోతే సాలు. నాను ఎల్లిపోనాక కూడా ఎవడో ఒకడు ఇంటాడు.”

స్టూడియో టాలీగంజ్‌లో ఒక సందులో, మేడ మెట్ల కింద ఉండేది, గోడలకి మెత్తలు కొట్టి ఉన్న గది, వరుసగా కుర్చీలు, ఒక్కొక్క కుర్చీ ముందూ ఒక మైకు. మా వాళ్లందరూ ఎర్రకోట్లు ఇస్త్రీ చేయించుకుని వచ్చారు, టేపులో కోటు కనపడదు కదా అని ఎవరికీ తోచలేదు, తోచినా తొడుక్కునే వచ్చేవారు. కూర్చోమన్నారు, కూర్చున్నారు. వాయించమన్నారు. అప్పుడు గానీ మాకు తెలియలేదు, మా బ్యాండు ఎన్నడూ కూర్చుని వాయించలేదని. పెద్ద డ్రమ్మువాడి దెబ్బ అతని కుడికాలు నేలని తాకినప్పుడు పడేది, కుర్చీలో ఆ కాలికి పని లేక దెబ్బ ఎక్కడ పడాలో చేతికి తెలియలేదు. బాకావాడు ఆలస్యం, సైడు డ్రమ్మువాడు తొందర. మావయ్య ఊపిరి కూడా అడుగుల లెక్క మీద నడిచేదే, రెండో మెట్టు దగ్గరే తెగిపోయింది. రికార్డింగు చేసే దాదా అద్దం వెనకాల నుంచి తల బయట పెట్టాడు.

“ఏటా కీ హొచ్ఛే దాదా? ఏమిటిది? అక్కడ బల్ల చుట్టూ వాయించిందీ ఇదీ ఒకటేనా?”

పెద్ద డ్రమ్మువాడు నాతో తెలుగులో, కూకుండిపోతే పెల్లికొడుకు ముందుకెల్లిపోతాడు కదా బావూ, అని సెప్పు ఆయనకి, అన్నాడు. నేను చెప్పాను. దాదా నవ్వాడు, కుర్చీలు తీయించాడు, నడుస్తూనే వాయించమన్నాడు. ఆ చిన్న గదిలో మా వాళ్లు గుండ్రంగా తిరుగుతూ వాయిస్తే బాణీ అద్భుతంగా వచ్చింది, టేపులో వింటే మాత్రం వీరుడు దగ్గరికి వచ్చి, ఇంట్లో ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చి, మళ్లీ వెళ్లిపోతున్నాడు, వెంట బూట్ల చప్పుడు. బూట్లు విప్పించారు. నున్నటి నేల మీద జారి, వైర్లు కాళ్లకి చుట్టుకుని, పెద్ద డ్రమ్ముతో సహా డ్రమ్మువాడు బాకావాడి మీద పడ్డాడు. నిలబడి ఉన్నచోటే అడుగులు వెయ్యమన్నారు, వేశారు, బాణీ కూడా ఉన్నచోటే ఉండిపోయింది, ఒక్క మెట్టు ఎక్కలేదు. మావయ్య చెమట తుడుచుకోవడానికి క్లారినెట్ దించాడు, దించిన వాద్యం వైపు ఆయన చూసిన చూపులో, నడవకుండా నిలబడితే ఇది నాదే కాదా అన్న అనుమానం మొదటిసారి కనపడింది నాకు.

రికార్డింగు దాదా మంచివాడు. మామూలుగా ఇలాంటి చోట మంచివాళ్లు ఉండడం కథకి అడ్డం గానీ, ఉన్నవాణ్ణి లేడని చెప్పలేను కదా. ఆయన రోజంతా ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. మోసుకుపోయే చిన్న టేపు మిషను ఒకటి ఉంది, దాన్ని సరుకులు మోసే తొక్కుడు సైకిలు వ్యానులో పెట్టుకుని నేను వెనక్కి తిరిగి కూర్చుంటాను, మైకు మీ వైపు పట్టుకుంటాను, వ్యాను ముందు పోతుంది, మీరు వెనకాల నడుస్తూ రండి, మీరు ఎంత నడిస్తే అది అంతే నడుస్తుంది, దూరం మారదు, అన్నాడు. మా ఓస్తాగర్ ఆయన్ని కౌగిలించుకున్నాడు. ఆదివారం పొద్దున్న, లారీలు తిరగని వేళ, రేవు గోడ వెంట వెళ్లే రోడ్డు మీద. మావయ్య ఆ బాణీ కట్టింది అక్కడే కదా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఇప్పటి పిల్లలకి ఇది తెలియదు. రోడ్డు మీద నడిచే బ్యాండుకి ఒక ధర్మం ఉండేది. జనంలో ఎవరైనా చెయ్యెత్తి, ఫలానా పాట అని అరిచాడంటే, వాడు పెళ్లికొడుకు బాబాయి కావచ్చు, దారిన పోయే రిక్షావాడు కావచ్చు, ఊదుతున్న పాట ఎంత మధ్యలో ఉన్నా సరే, ఆ ఊపిరిలోనే తిరిగిపోయి వాడడిగింది ఊదాలి. ఒక్క అడుగు ఆలస్యమైతే, ఈ బ్యాండువాళ్లకి పాటలు రావు అనే మాట పుడుతుంది, మరుసటి పెళ్లికి పక్కపేట బ్యాండు వస్తుంది. మా మావయ్య మేస్త్రీ కాగానే వాళ్లందరికీ మొదట నేర్పింది పాటలు కాదు, ఇలా తిరగడం. ఆయన మోచెయ్యి కాస్త లేచిందంటే చాలు, వెనకున్న వాళ్లందరూ ఒకే మనిషిలా పాట మార్చేసేవారు. చుట్టుపక్కల బ్యాండుల్లో అంత నున్నగా తిరిగే బ్యాండు లేదని పేరు.

ఆదివారం పొద్దున్న వ్యాను కదిలింది. నేనూ ఓస్తాగరూ వ్యాను పక్కన నడుస్తున్నాం. మంచు ఇంకా పూర్తిగా విడవలేదు, గోడ అవతల క్రేన్లు ఆగి ఉన్నాయి, ఎర్రకోట్లు తప్ప రోడ్డంతా బూడిద రంగు. బాణీ మొదలైంది. మీతో అబద్ధం ఎందుకు, ఇన్నేళ్లలో నేను ఎన్నో విన్నాను, థియేటర్లలో సీట్లు అదిరిపోయే వీరుల సంగీతాలన్నీ విన్నాను, ఆ పొద్దున్న విన్నది నాకు మళ్లీ ఎక్కడా వినపడలేదు. మొదటి మెట్లు ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. వ్యానులో దాదా కళ్లు పెద్దవి చేసి, ఒక చేత్తో మైకు పట్టుకుని, రెండో చేత్తో నాకు బొటనవేలు పైకెత్తి భేష్ అన్నట్టు చూపించాడు. పైకి లేచే ఆ ఒక్క ఊపిరి ఇంకా రావాల్సి ఉంది. మలుపు తిరిగాం. మలుపులో టీ కొట్టు ఉంది.

కొట్టు దగ్గర డ్యూటీ దిగిన కూలీలు కొందరు మట్టి కప్పుల్లో టీ తాగుతున్నారు. బ్యాండుని చూసి, పెళ్లి అనుకుని, ఇద్దరు అప్పుడే భుజాలు కదుపుతూ రోడ్డెక్కారు. వాళ్లలో పొడుగ్గా ఉన్నవాడు, నిద్ర కళ్లతో, ఎంతో సంతోషంగా, చెయ్యి పైకెత్తి, ఆ ఏడాది ఊరంతా మోగిపోతున్న ఒక సినిమా పాట పేరు అరిచాడు.

మావయ్య మోచెయ్యి లేచింది.

అది ఆయన ఎత్తింది కాదు, అదే లేచింది, అంతవరకూ నేను ప్రమాణం చేయగలను. క్లారినెట్ తిరిగింది, డ్రమ్ములు తిరిగాయి, బాకా తిరిగింది, ఎక్కడా అతుకు కనపడనంత నున్నగా, వాళ్ల జీవితంలోనే అంత చక్కగా తిరిగి ఉండరు. కూలీలు ఈలలు వేసి గంతులేశారు. కొన్ని అడుగులు పోయాక మావయ్యకి తెలిసింది, తెలిసినట్టు ఆయన కళ్లలో చూశాను, కానీ మొదలుపెట్టిన పాట మధ్యలో ఆపడం కూడా ధర్మం కాదు, జనం ఎగురుతుంటే అస్సలు కాదు. కాబట్టి కళ్లలోంచి నీళ్లు కారుతుంటే, బుగ్గలు పూరించి, ఆ పాట చివరిదాకా ఊదాడు. వ్యానులో దాదా మైకు దించేశాడు. ఓస్తాగర్ గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. పొడుగువాడు వచ్చి మావయ్య వీపు తట్టి, దారుణ్ బాజాలే కాకా, అద్భుతంగా వాయించావు బాబాయ్, అని మెచ్చుకుని, పెళ్లికొడుకు ఏడీ అని అడిగాడు.

మళ్లీ తీద్దాం అన్నాడు దాదా. టేపు ఇంకా ఉంది, ఎండ ఇంకా ఎక్కలేదు. ఓస్తాగర్ కూడా బతిమాలాడు. నేను కూడా అన్నాను. మావయ్య క్లారినెట్ ముక్కలు ముక్కలుగా విప్పి, ఒక్కొక్క ముక్కా గుడ్డతో తుడిచి పెట్టెలో పెడుతున్నాడు.

“మల్లీ ఏటి రా? మల్లీ ఎవుడో సెయ్యెత్తుతాడు, మల్లీ నాను తిరిగిపోతాను. ఆడిదేటి తప్పు? నాకు తిరగడమే వచ్చు.”

ఎవరూ లేని చోటికి పోదాం, మైదానంలోకి పోదాం అన్నాను. తల అడ్డంగా ఊపాడు. చెయ్యెత్తేవాడు రోడ్డు మీద లేకపోయినా తన లోపల ఉన్నాడన్న సంగతి ఆయనకి ఆ మలుపులో తెలిసిపోయిందని, నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ రోజు మాత్రం మొండితనం అనుకున్నాను.

దాదా ఆ ముక్క వరకు కత్తిరించి వాడుకుందామని చూశాడు గానీ, పైకి లేవాల్సిన చోటికి ముందే తెగిపోవడంతో, వీరుడు మెట్లెక్కి తలుపు మూసుకుని లోపలికి వెళ్లిపోయినట్టుంది. కీబోర్డు దాదాని మళ్లీ పిలిచారు, ఆయన వచ్చి, ముసుగు తీసి, ఒక్క పూటలో పని ముగించి పోయాడు. ఆ టేపు మీద ఆ తర్వాత ఏదో జాత్రా నాటకం ఎక్కించారట. సినిమా ఏ హాలుకీ ఎక్కలేదు, ఒక మధ్యాహ్నం మా పేట కేబుల్లో వేశారు, కత్తెర మేస్త్రీ గోడౌను కప్పు మీద నుంచి చేతులు చాపి దూకుతుంటే వెనకాల రైలు కూతా, సముద్రం హోరూ, గాజు పగిలిన చప్పుడూ. మావయ్య ఇంట్లోనే చూశాం. పేటలో ఒక్క పిల్లవాడు కూడా మంచం ఎక్కలేదు. సినిమా అయిపోయాక ఆయన, బాగుంది రా, కుర్రోడు బాగా నెగిసాడు, అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఎర్ర సాటిను చివరికి బొంతల లోపలి గుడ్డగా పోయింది, ఇప్పటికీ మెటియాబ్రుజ్‌లో ఏ పాత బొంత చింపినా లోపల వీరుడు ఉంటాడని నా నమ్మకం.

ఆ తర్వాత లారీల మీద పెద్ద పెద్ద సౌండు పెట్టెలు వచ్చాయి. పెళ్లివాళ్లు బ్యాండుని పిలవడం తగ్గించారు, ఆ తర్వాత మానేశారు. ఎర్రకోట్ల జరీ నల్లబడి, ఒక్కొక్కటీ ఇళ్లల్లో మసిగుడ్డలైపోయాయి. మావయ్య ఒక గోడౌనుకి వాచ్‌మన్‌గా చేరాడు, క్లారినెట్ పెట్టె బీరువా మీదకి ఎక్కింది. నేను అప్పుడప్పుడూ ఆ బాణీ ఊదమని అడిగేవాణ్ణి, పండక్కి అడిగేవాణ్ణి, పిల్లల్ని ఎగదోసి అడిగించేవాణ్ణి, ఎవరడిగింది లేదనకుండా ఊదిన మనిషి ఆ ఒక్కటి మాత్రం, మరిసిపోనాను రా అనేవాడు. నిజంగా మరిచిపోయాడో, మరిచిపోవడం తన వంతు అనుకున్నాడో, ఆ గుట్టు మా అత్తకి కూడా చెప్పలేదు.

ఆయన పోయి కొన్నేళ్లయింది. నిండు వయసులో పోయాడు గనక మా వాళ్ల ఆచారం ప్రకారం వాయిద్యాలతో సాగనంపాలని, బ్యాండులో మిగిలిన ముసలివాళ్లు ముగ్గురు వచ్చారు, పెద్ద డ్రమ్మూ, సైడు డ్రమ్మూ, బాకా. పాడె లేచింది, రేవు గోడ వెంట నది ఒడ్డున దహనాల ఘాటుకి బయల్దేరాం, వాళ్లేదో భక్తి పాట మొదలుపెట్టారు. ఏం తోచిందో తెలియదు, నేను రోడ్డు మధ్యలో చెయ్యెత్తాను. మావయ్య పాట, అని అరిచాను.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ధర్మం ధర్మమే కదా, ఆ అడుగులోనే తిరిగారు. పెద్ద డ్రమ్ము మొదలైంది, సైడు డ్రమ్ము కలిసింది, బాకా తన రెండు స్వరాలూ పట్టుకుంది. వాళ్లకి వాళ్ల వాయింపు అంతా గుర్తుంది, ఎక్కడ తగ్గాలో తగ్గారు, ఎక్కడ ఆగాలో ఆగారు, కానీ బాణీ ఉన్నది క్లారినెట్‌లో, అది ఊదేవాడు మా భుజాల మీద ఉన్నాడు. పైకి లేచే చోటు వచ్చిందని డ్రమ్ములు చెబుతూనే ఉన్నాయి, అక్కడ ఏమీ లేదు. ఏమీ లేని ఆ చోటుతోనే ఘాటుదాకా నడిచాం. నేను ఎంతో ప్రయత్నించాను, మనసులోనైనా ఆ జాగా పూరిద్దామని, ఏది పెట్టినా ఏదో ఒక సినిమా పాట అయ్యేది.

ఇప్పుడు ఆ రోడ్డు మీద పెళ్లి ఊరేగింపులు వెళుతుంటే వరండాలో కూర్చుని వింటూ ఉంటాను. కిటికీ అద్దాలు అదిరిపోతాయి, జనం ఎగురుతూనే ఉంటారు, పాటలకేం కరువు లేదు. లారీ మీద పెట్టెలో ఒక పాట మొదలైందంటే, ఎవరు చెయ్యెత్తినా, ఎవరు అరిచినా, ఎవరి మాటా వినకుండా చివరిదాకా అది పూర్తయి తీరుతుంది. మా మావయ్యకి లోకం ఇవ్వనిది అంతే, మరీ పెద్దదేమీ కాదు.